చాక్లెట్ మీదికే మనసెందుకు పోతుంది? పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి నా బల్ల మీదికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చాక్లెట్ గురించే. తినకుండా ఉండలేకపోతున్నామని కొందరు బాధపడ్డారు. చక్కెర తగ్గించి చేస్తే ఇంట్లో ఎవరూ ముట్టలేదని ఇంకొందరు రాశారు. నా దృష్టిలో ఈ రెండూ వేర్వేరు సమస్యలు కావు. యావ అంటే ఏమిటో తెలిస్తే బ్రౌనీలో ఏది తగ్గించాలో, ఏది తగ్గించకూడదో తెలిసిపోతుంది. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తం చాక్లెట్‌కే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, సాయంత్రం నాలుగయ్యేసరికి నాకు చాక్లెట్ కావాల్సిందే. మధ్యాహ్నం కడుపు నిండా తింటాను, ఆకలేమీ ఉండదు. అయినా చెయ్యి డ్రాయర్‌లోకి వెళ్ళిపోతుంది. ఒంట్లో మెగ్నీషియం తగ్గితే ఇలా అవుతుందని స్నేహితురాలు చెప్పింది. మాత్రలు వేసుకోవాలా? మనసు మీద అదుపు లేనిదాన్నేమోనని సిగ్గుగా ఉంది.
– ఒక ఆఫీసు ఉద్యోగిని

జవాబు: ముందు ఆ సిగ్గు పక్కన పెట్టండమ్మా. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు పెద్దలు. నిజంగా ఆకలేసినప్పుడు ఏది పెట్టినా తింటాం. యావ అలా కాదు, దానికి ఫలానాదే కావాలి. ఈ తేడా కనిపెట్టడానికి నేను ఒక చిన్న ప్రశ్న వేసుకుంటాను: ఇప్పుడు ఎవరైనా ఉడికించిన గుడ్డు చేతిలో పెడితే తింటానా? తింటాను అనిపిస్తే అది ఆకలి, వెంటనే ఏదైనా తినాలి. వద్దు, చాక్లెటే కావాలి అనిపిస్తే అది యావ.

ఇక మెగ్నీషియం సంగతి. కోకో పొడిలో అది దండిగా ఉన్న మాట నిజమే, 100 గ్రాములకు దాదాపు 500 మిల్లీగ్రాములు. కానీ గుమ్మడి గింజల్లోనూ అంతకు తక్కువేమీ లేదు. ఒళ్ళు అడుగుతున్నది మెగ్నీషియమే అయితే గుమ్మడి గింజల మీదికి కూడా మనసు పోవాలి కదా. పోదు. రక్త పరీక్ష చేసి డాక్టరు రాస్తే తప్ప మాత్రలు వద్దు.

పాల్ రోజిన్, విల్లా మిచనర్ అనే పరిశోధకులు 1994లో ఒక చక్కటి ప్రయోగం ప్రచురించారు. చాక్లెట్ యావ ఉన్నవాళ్ళకు ఒకసారి మిల్క్ చాక్లెట్, ఒకసారి వైట్ చాక్లెట్, ఒకసారి కోకో నింపిన క్యాప్సూల్స్ ఇచ్చారు. చాక్లెట్‌లో ఒంటి మీద పనిచేసే పదార్థాలేవైనా ఉంటే అవన్నీ క్యాప్సూల్‌లో ఉన్నాయి. నోటికి తగిలే సుఖం మాత్రం లేదు. మింగినవాళ్ళకు యావ తీరలేదు. కోకో వెన్న తప్ప కోకో పొడి లేని వైట్ చాక్లెట్ తిన్నవాళ్ళకు కొంత తీరింది. అసలు చాక్లెట్ తిన్నవాళ్ళకే అన్నిటికన్నా ఎక్కువగా తీరింది. అంటే కోరుకుంటున్నది నోరు: ఆ వాసన, ఆ చేదు తీపి, ఆ కరగడం. కోకో వెన్న దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన నోరు 37. చేతిలో గట్టిగా ఉన్న ముక్క నాలుక మీద పెట్టగానే ద్రవమైపోయేది అందుకే.

మరి నాలుగింటికే ఎందుకు? మీ మెదడు నేర్చుకుంది కాబట్టి. అదే కుర్చీ, అదే డ్రాయర్, అదే వేళ. కొన్ని వారాలు ఇలా జరిగితే చాక్లెట్ నోట్లో పడకముందే, ఆ వేళ కాగానే మెదడు ఉత్సాహపడటం మొదలుపెడుతుంది. నేర్చుకున్నదాన్ని మార్చుకోవచ్చు. చాక్లెట్‌ని డ్రాయర్లోంచి తీసి, లేచి వెళ్తే తప్ప అందని చోట పెట్టండి. నాలుగింటికి పదిహేను నిమిషాలు గబగబా నడిచి రండి. అంతమాత్రం నడకతోనే చాక్లెట్ యావ తగ్గుతుందని ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రయోగాల్లో చూశారు.

అలాగని మానేయమనడం లేదు. నేను రోజూ తింటాను. భోజనమయ్యాక 70 శాతం కోకో ఉన్న చాక్లెట్ రెండు ముక్కలు చిన్న పళ్ళెంలో పెట్టుకుని, ఫోన్ దూరంగా పెట్టి కూర్చుంటాను. నమలను. ముక్కను నాలుక మీద పెట్టి అంగిలికి ఆనిస్తాను. మొదటి పది సెకన్లు ఏమీ ఉండదు, నున్నటి రాయిలా ఉంటుంది. తర్వాత అంచులు జారతాయి, కొంచెం పులుపు తగులుతుంది, ఆ వెనకే చేదు, చివర్లో తీపి. ఒక ముక్క పూర్తిగా కరగడానికి నాకు రెండు నిమిషాలు పడుతుంది. కంప్యూటర్ చూస్తూ నమిలేస్తే అదే ముక్క అయిదు సెకన్లలో మాయమవుతుంది, చెయ్యి ఇంకోదాని కోసం వెళ్తుంది. నోటికి కావలసింది నోటికి ఇవ్వండి, కడుపులోకి తోసేయకండి.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. రాత్రి ఒంటిగంట దాటాక పడుకుని అయిదున్నరకు లేస్తాను. తీపి, చాక్లెట్ పూర్తిగా మానేస్తానని ఒట్టు పెట్టుకున్నాను. పదకొండో రోజు రాత్రి కుకీల డబ్బా మొత్తం ఖాళీ చేసేశాను. మళ్ళీ ఒట్టు, మళ్ళీ అదే కథ. ఈ టెన్షన్‌తో చదువు కూడా సాగడం లేదు.
– ఒక విద్యార్థిని

జవాబు: తల్లీ, నీ ఉత్తరంలో నువ్వు పెద్దగా పట్టించుకోని మాట ఒకటి ఉంది: నాలుగున్నర గంటల నిద్ర. అసలు గొడవంతా అక్కడే ఉంది. షికాగో విశ్వవిద్యాలయంలో జరిగి 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో 12 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. ఇంకోసారి పదేసి గంటలు పడుకోనిచ్చారు. నిద్ర తగ్గినప్పుడు ఇక చాలని చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ 18 శాతం తగ్గింది. తినమని తొందరపెట్టే గ్రెలిన్ అనే హార్మోన్ 28 శాతం పెరిగింది. మనసు ఎక్కువగా పోయింది కూడా తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీదికే. రెండు రాత్రులకే అలా ఉంటే, నెలల తరబడి మేలుకుంటున్న నీ సంగతి ఆలోచించు.

నాకూ ఈ అనుభవం ఉంది. మా అబ్బాయి పసివాడుగా ఉన్నప్పుడు ఆరు నెలల పాటు ఒక్క రాత్రీ మూడు గంటలు వరసగా నిద్రపోలేదు. కేకుల కోసం కొన్న చాక్లెట్ సంచిలోంచి అర్ధరాత్రి వంటింట్లో నిలబడి గుప్పిళ్ళతో తినేదాన్ని. దీపం కూడా వేసేదాన్ని కాదు. పొద్దున్నే నా మీద నాకే కోపం. పిల్లాడు రాత్రంతా పడుకోవడం మొదలయ్యాక పది రోజుల్లో ఆ అలవాటు దానంతట అదే పోయింది. ఏ ఒట్టూ పెట్టుకోలేదు.

ఒట్టు గురించి కూడా చెప్తాను. పూర్తిగా మానేస్తాను అనుకున్నప్పుడు ఒక్క కుకీ తిన్నా ఒట్టు పోయినట్టే. పోయింది కదా, ఇంకేముంది అనుకుని డబ్బా మొత్తం అయిపోతుంది. రేపటి నుంచి మళ్ళీ దొరకదన్న భయం కూడా చేతిని తొందరపెడుతుంది. దానికి బదులు రోజూ ఒక వేళకు, మధ్యాహ్నం భోజనం తర్వాత, ఇంత అని పెట్టుకుని తిను. రేపు కూడా ఉంటుందని తెలిసిన చెయ్యి తొందరపడదు. రాత్రి పూట మాత్రం డార్క్ చాక్లెట్ వద్దు. 30 గ్రాముల్లో 20 మిల్లీగ్రాములకు పైగా కెఫీన్ ఉంటుంది. కాఫీతో పోలిస్తే తక్కువే అయినా అసలే నిద్ర చాలని నీకు అది కూడా వద్దు.

ఇంకొక్క మాట, జాగ్రత్తగా విను. ఎవరూ చూడకుండా తినడం, ఆపాలనుకున్నా ఆగకపోవడం, తిన్నాక అసహ్యం వేయడం వారానికి ఒకసారైనా జరుగుతూ నెలలు గడుస్తుంటే దాన్ని చెడ్డ అలవాటని వదిలేయకు. అది వైద్యం ఉన్న జబ్బు. డాక్టరు దగ్గరికి వెళ్ళి నాకు రాసినట్టే ఆయనకూ చెప్పు.

ప్రశ్న: మా అమ్మాయి చాక్లెట్ కన్నా ఎక్కువగా ఐసు ముక్కలు నములుతుంది. ఫ్రీజర్ ట్రే రోజుకు రెండుసార్లు ఖాళీ. ఇదీ యావేనా?

జవాబు: ఈ ప్రశ్న మీరు రాసినందుకు సంతోషం. ఐసు, సుద్ద, మట్టి లాంటివి తినాలనిపించడం చాలాసార్లు రక్తంలో ఇనుము తగ్గిందనడానికి గుర్తు. ఈ వారంలోనే హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చెప్పే ఫెరిటిన్ పరీక్షలు చేయించండి. లోపం ఉండి మందు మొదలుపెడితే ఐసు మీద మోజు తరచుగా కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది.

ప్రశ్న: నెలసరికి ముందు నాలుగు రోజులు చాక్లెట్ లేనిదే ఉండలేను. హార్మోన్ల పనే కదా?

జవాబు: నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. కానీ 2017లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో అక్కడే పుట్టి పెరిగిన స్త్రీల కన్నా వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళు ఇలాంటి యావ ఉందని చెప్పడం బాగా తక్కువ. హార్మోన్లు ఎక్కడి ఆడవాళ్ళకైనా ఒకటే కదా. ఆ రోజుల్లో ఒళ్ళు నొప్పులు, నీరసం, చిరాకు నిజం. వాటికి చాక్లెట్టే ఊరట అన్నది మాత్రం చాలావరకు మనం చుట్టుపక్కల చూసి నేర్చుకున్నది. అంతమాత్రాన మీ కోరిక అబద్ధమని కాదు. తినండి, కానీ వేడినీళ్ళ సంచీ పెట్టుకుని అరగంట పడుకోవడం కూడా ఊరటేనని గుర్తుంచుకోండి.

ప్రశ్న: పిల్లల కోసం ఆరోగ్యంగా ఉండాలని వెన్న లేకుండా, చక్కెర లేకుండా, అరటిపండు గుజ్జు, తేనె, గోధుమపిండి వేసి బ్రౌనీ చేశాను. రబ్బరులా సాగింది. మా పెద్దవాడు ఒక్క ముక్క కొరికి "అమ్మా, ఇది చాక్లెట్ కాదు" అన్నాడు. ఎక్కడ తప్పు చేశాను?
– ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: మీ పెద్దవాడు ఉన్న మాట చెప్పాడు. మీరు రెండు స్తంభాలు ఒకేసారి తీసేశారమ్మా. వెన్న పిండి రేణువుల చుట్టూ పొరలా పట్టుకుని, అవి నీటితో కలిసి సాగే జిగురుగా మారకుండా ఆపుతుంది. అరటిపండు గుజ్జులో ఉన్నది నీరు, కొవ్వు కాదు. అందుకే సాగింది. చక్కెర పని తీపి ఒక్కటే కాదు. అది తేమను పట్టి ఉంచుతుంది, మెత్తదనం ఇస్తుంది, బ్రౌనీ పైన కాగితంలా మెరిసే ఆ పలచటి పొర కూడా గుడ్లలో కరిగిన చక్కెర వల్లే వస్తుంది. పైగా అరటిపండు, తేనె రెండింటి వాసనా గట్టిది, కోకోని కప్పేస్తాయి. వాడికి కావలసింది చాక్లెట్, మీరు పెట్టింది అరటిపండు. యావ తీరలేదు.

ఎంత చక్కెర తీయవచ్చో తేల్చుకోవాలని ఒక ఆదివారం నేను నాలుగు ట్రేలు చేశాను. అన్నీ ఒకే కొలతలు, చక్కెర మాత్రం 250, 200, 150, 110 గ్రాములు. కింద కాగితం మీద పెన్సిల్‌తో అంకెలు వేసి, ఏది ఏమిటో చెప్పకుండా ఇంటికి వచ్చిన ఎనిమిది మందికి పెట్టాను. 250కీ 200కీ తేడా ఒక్కరూ చెప్పలేకపోయారు. చాక్లెట్ బాగా తెలుస్తోంది అని అయిదుగురు వేలు పెట్టి చూపించింది 150 గ్రాముల ట్రేని. తీపి తగ్గగానే దాని వెనక దాగిన కోకో ముందుకు వచ్చింది. 110 గ్రాములది ఆ రోజు పరవాలేదు గానీ పైన మెరుపు రాలేదు, మర్నాటికి అంచులు పొడిపొడిగా రాలాయి. అందుకే 150 దగ్గర ఆగాను. అప్పటి నుంచీ అదే చేస్తున్నాను.

ఇదిగో ఆ లెక్క. 20 సెంటీమీటర్ల చదరపు ట్రేకి బటర్ పేపర్ పరవండి. 120 గ్రాముల వెన్న కరిగించి, వేడిగా ఉండగానే 75 గ్రాముల కోకో పొడి వేసి కలపండి. రెండు టేబుల్ స్పూన్ల మరిగే నీళ్ళలో ఒక టీస్పూను ఇన్‌స్టంట్ కాఫీ పొడి కరిగించి అందులో పోయండి. ఆ క్షణం గిన్నె మీదికి వంగి వాసన చూడండి. డబ్బాలో పొడి పొడిగా ఉన్న కోకో వేడి తగిలి ఒక్కసారిగా విచ్చుకుంటుంది. కాఫీ రుచి ఎక్కడా తెలియదు, చాక్లెట్‌ని గాఢం చేసి పక్కకు తప్పుకుంటుంది. వేలు పెడితే కాలనంత వరకు ఆరనివ్వండి.

వేరే గిన్నెలో రెండు గుడ్లు, 150 గ్రాముల చక్కెర, పావు టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వనిల్లా వేసి మూడు నాలుగు నిమిషాలు బాగా గిలక్కొట్టండి. రంగు తేలికై, పైకెత్తి వదిలితే దారంలా జారాలి. తీపి తగ్గించినప్పుడు ఈ గిలక్కొట్టడంలో బద్ధకించకూడదు, పై పొర దీని మీదే ఆధారపడి ఉంది. ఉప్పు కూడా మానకండి, అది చేదును అణుస్తుంది. రెండూ కలిపి, 60 గ్రాముల గోధుమపిండి జల్లించి వేసి, గరిటెతో కింది నుంచి పైకి తిప్పండి. తెల్లటి పిండి కనబడటం మానగానే చెయ్యి ఆపేయాలి.

ట్రేలో పోశాక 60 గ్రాముల 70 శాతం చాక్లెట్ తరిగి పైన చల్లండి. లోపల కలిపేయొద్దు. పైన ఉంటే నాలుకకు మొదట తగిలేది అదే, తక్కువ చాక్లెట్టే ఎక్కువగా తెలుస్తుంది. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర 20 నుంచి 22 నిమిషాలు. పుల్ల గుచ్చితే పచ్చి పిండి అంటకూడదు, తడిగా ఉన్న రేణువులు కొన్ని అంటాలి. శుభ్రంగా బయటికి వచ్చిందంటే ఎక్కువ కాలిపోయినట్టు. మర్నాడు కోయండి. గోధుమపిండిలోని ఊక మెత్తబడటానికి ఆ రాత్రి కావాలి.

పదహారు ముక్కలు చేస్తే, పైన చల్లిన చాక్లెట్‌లోదీ కలిపి, ముక్కకు పదిన్నర గ్రాముల చక్కెర వస్తుంది. 250 గ్రాములు వేసినదానిలో, పైన చాక్లెట్ లేకుండానే, పదిహేనున్నర. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి బయటి నుంచి కలిపిన చక్కెర 50 గ్రాములు దాటకూడదని, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆ లెక్క పెద్దవాళ్ళది, పిల్లలకు ఇంకా తక్కువ. అంటే నా బ్రౌనీ కూడా ఒక ముక్కకు సరిపెట్టుకోవలసిందే. వెన్న ఉంది, కేలరీలు ఉన్నాయి. దాన్ని ఆరోగ్యాహారం అని నేను అనను. కానీ ఆ ఒక్క ముక్కతో మీ పెద్దవాడికి చాక్లెట్ తిన్నట్టుంటుంది. తృప్తి లేని ముక్కలు మూడు తినడం కన్నా ఇదే నయమని నా గట్టి నమ్మకం. మిగిలినవి ఒక్కొక్కటిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి.

ప్రశ్న: ఎప్పుడూ చేసే చాక్లెట్ కేకే. ఈసారి బాగా నల్లగా ఉన్న ఖరీదైన కోకో వాడాను. కేకు పొంగలేదు, ఏదో సబ్బు వాసన. పొడి పాడైపోయిందా?

జవాబు: పొడి మంచిదే, జాతి వేరు. కోకో సహజంగా పుల్లటిది. కేకులో వేసే బేకింగ్ సోడా ఆ పులుపుతో కలిసినప్పుడే గాలి బుడగలు పుట్టి పొంగుతుంది. మీరు కొన్న నల్లటి పొడి క్షారంతో శుద్ధి చేసినది, డచ్ ప్రాసెస్డ్ అంటారు. 19వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హౌటెన్ కుటుంబం కనిపెట్టిన పద్ధతి అది. కోకోలోంచి వెన్న పిండే యంత్రానికి 1828లో పేటెంటు తీసుకున్నదీ వాళ్ళే. ఆ పొడిలో పులుపు పోయింది కాబట్టి సోడాకు పని లేకుండా పోయింది, మిగిలిపోయిన సోడాయే సబ్బులా తగిలింది. ఆ పొడితో చేసేటప్పుడు సోడా బదులు బేకింగ్ పౌడర్ వేయండి.

డబ్బా వెనక ఆల్కలీ అనో ఆల్కలైజ్డ్ అనో రాసి ఉందేమో చూడండి. లేకపోతే చిటికెడు నాలుక మీద వేసుకోండి: సహజమైనది లేత ఎరుపు గోధుమ రంగులో ఉండి పుల్లగా తగులుతుంది, రెండోది నల్లగా ఉండి పులుపు లేకుండా మెత్తగా ఉంటుంది. కోకోలో ఒంటికి మంచి చేస్తాయని చెప్పే ఫ్లావనాల్స్ అనే పదార్థాలు క్షారంతో చాలావరకు తగ్గిపోతాయి. నేను సహజమైనదే ఎక్కువ వాడతాను. పైన చెప్పిన బ్రౌనీలో సోడా లేదు కాబట్టి ఏదైనా సరే.

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్. ఆయన పుట్టినరోజుకు చాక్లెట్ కేకు చేయాలని ఉంది. చక్కెర బదులు తేనె వేస్తే మంచిదేనా? షుగర్ ఫ్రీ చాక్లెట్ కొనమంటారా?

జవాబు: తేనె కూడా చక్కెర కిందే లెక్క. ఒక టేబుల్ స్పూను తేనెలో దాదాపు 17 గ్రాముల చక్కెర ఉంటుంది. ఖర్జూరంలో పీచు ఉన్నా మూడింట రెండొంతులు చక్కెరే. సహజం అన్న మాట చూసి ఎక్కువ వేసేస్తాం, అదే ప్రమాదం. షుగర్ ఫ్రీ చాక్లెట్లలో చాలావరకు చక్కెర బదులు మాల్టిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. అది కూడా రక్తంలో చక్కెరను కొంత పెంచుతుంది, ఎక్కువ తింటే విరేచనాలవుతాయి. ఇక చక్కెర బదులు వాడే స్వీటెనర్ల మాటకొస్తే, బరువు తగ్గడానికి వాటి మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆ సలహా ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్ళకు వర్తించదని కూడా అందులోనే ఉంది. కాబట్టి నాన్నగారి విషయంలో ఆయన డాక్టరు మాటే వినండి.

నేనైతే మైదా బదులు బాదం పొడి వేసి, చక్కెర తగ్గించి, పలచటి కేకు చేస్తాను. పిండి పదార్థం బాగా తగ్గుతుంది. మా అమ్మకు షుగర్ వచ్చాక ఆవిడ ఒక నోటు పుస్తకం పెట్టుకుంది. ఏం తిన్నదీ, ఎప్పుడు తిన్నదీ, రెండు గంటల తర్వాత మీటర్ ఎంత చూపించిందీ చిన్న అక్షరాలతో రాసేది. ఒకే మందం కేకు ముక్క సాయంత్రం ఖాళీ కడుపుతో తిన్న రోజు వచ్చిన అంకె వేరు, కూరగాయలూ గుడ్డూ ఉన్న భోజనం తర్వాత తిని కాసేపు నడిచిన రోజు వచ్చిన అంకె వేరు. రెండోది ప్రతిసారీ తక్కువ. నాన్నగారి చేత కూడా అలా రాయించండి. మందులు మాత్రం సొంతంగా ఎక్కువా తక్కువా చేయకండి. పుట్టినరోజున ఆయన పళ్ళెంలో కూడా ఒక ముక్క ఉండాలి. అందరూ తింటుంటే ఆయన చూస్తూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: నాకు ఓవెన్ లేదు. చాక్లెట్ కరిగించి ఏదైనా చేద్దామంటే గిన్నెలో నీటి చుక్క పడి గట్టి ముద్దయిపోయింది. పారేశాను, ప్రాణం ఉసూరుమంది. ఓవెన్ లేకుండా, క్రీమ్ లేకుండా ఏమైనా చెప్తారా?

జవాబు: అయ్యో, పారేయక్కర్లేదు. కరిగిన చాక్లెట్‌లో కొవ్వు తప్ప తడి ఉండదు. ఒకటి రెండు చుక్కలు పడితే అందులోని చక్కెర రేణువులు తడిసి ఒకదానికొకటి అంటుకుని ముద్ద కడతాయి. విచిత్రమేమిటంటే దానికి మందు కూడా నీళ్ళే. వేడి నీళ్ళు ఒక్కో స్పూనే పోస్తూ కలిపితే ముద్ద విడిపోయి మెరిసే సాస్ అవుతుంది.

ఆ నీళ్ళతోనే ఒక గొప్ప తీపి వంటకం ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త ఎర్వే తీస్ 1995లో చూపించాడు. చాక్లెట్, నీళ్ళు, అంతే. 70 శాతం చాక్లెట్ 200 గ్రాములు తరిగి, 180 మిల్లీలీటర్ల నీళ్ళతో గిన్నెలో వేసి, సన్నటి సెగ మీద ముక్కలన్నీ కరిగే దాకా తిప్పండి. చిటికెడు ఉప్పు వేయండి. పలచగా, కోకో నీళ్ళలా ఉంటుంది, చూసి నిరుత్సాహపడకండి. ఒక పెద్ద బేసిన్‌లో ఐసు ముక్కలు, కాసిని నీళ్ళు పోసి ఈ గిన్నెను అందులో కూర్చోబెట్టి, ఆపకుండా గిలక్కొట్టండి. మూడు నాలుగు నిమిషాలు ఏమీ జరగదు, చెయ్యి నొప్పి పుడుతుంది. తర్వాత చప్పుడు మారుతుంది. గలగలమన్నది బరువుగా తప్పుతప్పుమంటుంది, విస్క్ వెనక గీతలు నిలుస్తాయి. రంగు కూడా ఒక ఛాయ లేతబడుతుంది.

ఆ గీతలు కనబడగానే గిన్నెను ఐసు మీంచి తీసేయాలి. ఇంకో పది సార్లు తిప్పుదామనుకుంటే గింజలు గింజలుగా విరిగిపోతుంది. విరిగినా ఫరవాలేదు, మళ్ళీ సెగ మీద కరిగించి మొదటి నుంచి కొట్టండి. నేను మొదటిసారి చేసినప్పుడు మూడుసార్లు కరిగించాను. చాక్లెట్ ఏమీ అనుకోలేదు. ఆరు చిన్న కప్పుల్లో సర్దితే కప్పుకు పది గ్రాముల చక్కెర. పాలూ క్రీమూ అడ్డం లేవు కాబట్టి కోకో సూటిగా తగులుతుంది. చేసిన వెంటనే, చిన్న స్పూనుతో తినండి.